కళాశాల గడపలో

పాఠ్యభాగ ఉద్దేశం: పదవ తరగతి పూర్తిచేసి ఇంటర్మీడియట్‌లో ప్రవేశించిన విద్యార్థికి ఎదురయ్యే ఎంపికలను, ప్రవేశ పరీక్షల తీరును, సీట్ల కేటాయింపు విధానాన్ని, పై చదువులకు వెళ్లే ముందు తెలుసుకోవలసిన విషయాలను పరిచయం చేయడం.

జూన్ మాసంలో జూనియర్ కళాశాల ఆవరణలోకి తొలిసారి అడుగుపెట్టిన విద్యార్థిని గుర్తుపట్టడం కష్టం కాదు. చేతిలో టి.సి., మార్కుల జాబితా ఉన్న ప్లాస్టిక్ సంచి ఉంటుంది. పక్కన తండ్రో మేనమామో ఉంటారు. చూపులు గోడమీద అంటించిన సెక్షన్ల పట్టికను వెతుకుతుంటాయి. నిన్నమొన్నటి వరకు బడిలో ఉపాధ్యాయులందరూ అతణ్ని పేరుపెట్టి పిలిచేవారు. ఇక్కడ మొదట ఒక అడ్మిషన్ నెంబరు, ఆపైన ఒక హాల్‌టికెట్ నెంబరు, చివరకు ఒక ర్యాంకు అతనికి లభిస్తాయి. ఈ మూడు అంకెలలో చివరిదే తన విలువ అని రెండేళ్లు తిరిగేసరికి అతడు నమ్మడం మొదలుపెడతాడు. అతని కంటె ముందే ఇంట్లోవారు నమ్ముతారు. ఆ నమ్మకంలో నిజమెంతో విచారించడానికే ఈ వ్యాసం.

ఇంటర్మీడియట్ అనే పేరు మనకు మద్రాసు విశ్వవిద్యాలయపు రోజుల నుండి పరిచితమే. అయితే నేటి రూపంలో ఉన్న రెండేళ్ల చదువు 1969-70 విద్యాసంవత్సరంలో మొదలయింది. అంతకుముందు ఉన్నత పాఠశాల ముగించినవారు పి.యు.సి. ఒక సంవత్సరం చదివి డిగ్రీలో చేరేవారు. 1971లో ఇంటర్మీడియట్ విద్యామండలి ఏర్పడింది. బడికీ విశ్వవిద్యాలయానికీ నడుమ ఇది ఒక వంతెన వంటిది. వంతెన దాటడానికి కడతారు. మనం దానిమీద పరుగుపందెం పెట్టాం.

పదవ తరగతి ఫలితాలు వచ్చిన మర్నాటి నుండి ఊళ్లో ప్రతివారూ సలహాదారులే. కొన్నేళ్ల కిందట ఒక తండ్రి తన కుమారుణ్ని వెంటబెట్టుకొని నా దగ్గరకు వచ్చారు.

“సార్, మీరైనా చెప్పండి. ఎం.పి.సి. తీసుకోమంటే వద్దంటున్నాడు.”

“మరి ఏం చదువుతానంటున్నాడండీ?”

“సి.ఇ.సి. అంట. రేపు నలుగురూ అడిగితే ఏమని చెప్పుకోను?”

“అడిగేవాళ్లు రెండు నిమిషాలు అడిగి వెళ్లిపోతారు. చదివేవాడు రెండేళ్లు చదవాలి కదండీ” అన్నాను. ఆయన నవ్వారేగాని ఒప్పుకోలేదు. ఆ అబ్బాయి ఎం.పి.సి.లోనే చేరాడు. మొదటి సంవత్సరం గణితంలో రెండు పేపర్లూ తప్పాడు. మరుసటి ఏడు తిరిగి మొదటి నుండి సి.ఇ.సి.లో చేరాడు. ఇప్పుడొక చార్టర్డ్ అకౌంటెంటు కార్యాలయంలో పనిచేస్తున్నాడు. పోయిన ఏడాదిని గురించి ఆ తండ్రీకొడుకులు ఇప్పుడు తలచుకోవడం లేదు. కాని ఆ సంవత్సరం వారి ఇంట్లో ఎలా గడిచిందో నాకు తెలుసు.

గ్రూపు ఎంపికలో తెలియవలసిన వివరాలు నిజానికి కొద్దిగానే ఉన్నాయి. ఇంజనీరింగుకు ఎం.పి.సి. కావాలి. వైద్యం, పశువైద్యం వంటివాటికి బై.పి.సి. కావాలి. ఫార్మసీకి ఈ రెంటిలో ఏదైనా సరిపోతుంది. అయిదేళ్ల న్యాయశాస్త్రానికి ఏ గ్రూపువారైనా వెళ్లవచ్చు. పదవ తరగతి తరువాత ఇంటర్మీడియట్ ఒక్కటే దారి అని కూడా అనుకోనవసరం లేదు. పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేసినవారు ఈసెట్ ద్వారా నేరుగా ఇంజనీరింగు రెండవ సంవత్సరంలో చేరవచ్చు. గ్రామీణ విద్యార్థులను దృష్టిలో పెట్టుకొని 2008లో స్థాపించిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, అంటే జనం వాడుకలో ట్రిపుల్ ఐటీ, పదవ తరగతి మార్కుల ఆధారంగానే ఆరేళ్ల సమీకృత కోర్సులో చేర్చుకుంటుంది. నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో అవి మొదలయ్యాయి. ఈ దారులన్నీ తెలిసి కూడా ఎం.పి.సి.యే తీసుకుంటే అది ఎంపిక అవుతుంది. తెలియక తీసుకుంటే అది పక్కింటివారి ఎంపిక.

గ్రూపు కంటె కష్టమైనది మరొకటి ఉంది. దానిని గురించి పెద్దలు అంతగా మాట్లాడరు. తెలుగు మాధ్యమంలో పదవ తరగతి వరకు చదివి, కళాశాలలో ఆంగ్ల మాధ్యమంలో చేరిన విద్యార్థి మొదటి మూడు నెలలు ఎదుర్కొనే ఇబ్బంది అది. జిల్లా పరిషత్ పాఠశాల నుండి మంచి మార్కులతో వచ్చిన ఒక అమ్మాయి దసరా సెలవుల ముందు నా దగ్గర నిలబడి, “నాకు ఫిజిక్స్ రాదు సార్, మానేస్తాను” అన్నది. ఆమెకు త్వరణం తెలుసు, ద్రవ్యవేగం తెలుసు, గురుత్వాకర్షణ తెలుసు. బల్లమీద ఉన్న సుద్దముక్కను చూపి అడిగితే, అది కింద పడేటప్పుడు ఏమి జరుగుతుందో తప్పులేకుండా చెప్పింది. ఆమెకు తెలియనివల్లా యాక్సిలరేషన్, మొమెంటమ్, గ్రావిటేషన్ అనే మాటలు. తెలియనిది మాట. తెలియదని ఆమె అనుకున్నది శాస్త్రం.

ఈ రెండింటి తేడా గుర్తిస్తే సగం భయం పోతుంది. తక్కిన సగానికి నేను చూసిన ఉపాయం చాలా సాధారణమైనది. ఒక నోటుపుస్తకం తీసుకొని పేజీ మధ్యలో నిలువుగీత గీయాలి. ఎడమవైపు తెలిసిన తెలుగు మాట, కుడివైపు ఆ రోజు తరగతిలో విన్న ఆంగ్ల పదం రాసుకోవాలి. సమకలనం ఒకవైపు, ఇంటిగ్రేషన్ ఒకవైపు. కిరణజన్య సంయోగక్రియ ఒకవైపు, ఫోటోసింథసిస్ ఒకవైపు. రోజుకు పది మాటల చొప్పున రాసినా నవంబరు నాటికి పుస్తకం అవసరం తీరిపోతుంది. ఆ అమ్మాయి పుస్తకం మాత్రం రెండవ సంవత్సరంలో ఆమె వెనుక బెంచీ వాళ్ల చేతుల్లో తిరగడం చూశాను. ఆ తెలుగు మాటల్లో చాలావాటి వెనుక తెలుగు అకాడమీ కృషి ఉన్నది. ఉన్నత విద్యకు తెలుగులో పాఠ్యపుస్తకాలు ఉండాలని 1968లో ఆ సంస్థను స్థాపించారు. పరీక్ష ఏ భాషలో రాసినా, విషయం మొదట అర్థమయిన భాషను పారవేసుకోవలసిన పని లేదు. నీట్ ప్రశ్నపత్రం నేడు తెలుగులో కూడా లభిస్తున్నదని చాలామంది తెలుగు విద్యార్థులకే తెలియదు.

ఇక్కడొక ముచ్చట చెప్పాలి. విద్యార్థి పరీక్షలో ఏ తెలుగు రాయాలి అనే ప్రశ్న మీదనే ఒకప్పుడు ఆంధ్రదేశంలో పెద్ద వాదం జరిగింది. మద్రాసు విశ్వవిద్యాలయం ఇంటర్మీడియట్ తెలుగు వ్యాసరచనకు గ్రాంథిక భాష ఉండాలా, శిష్టులు మాట్లాడే భాష ఉండాలా అని ఉపసంఘం పరిశీలించినప్పుడు, అందులో సభ్యులైన గురజాడ అప్పారావు గ్రాంథికం వైపు మొగ్గిన అధిక సంఖ్యాకుల అభిప్రాయంతో విభేదించి 1914లో తన అసమ్మతి పత్రాన్ని సమర్పించారు. ఆయన జీవితకాలంలో ఆ వాదం నెగ్గలేదు. మరుసటి సంవత్సరమే ఆయన కన్నుమూశారు. మీరు ఈనాడు జవాబుపత్రంలో హాయిగా రాస్తున్న భాష ఆనాడు పరీక్షాధికారులు కాదన్న భాషే. ఒక కాలపు నిబంధన మరొక కాలానికి ఎలా మారిపోతుందో తెలుసుకోవడానికి ఈ ముచ్చట పనికివస్తుంది. ఇక, మార్కులు తేలికగా వస్తాయని తెలుగు వదిలి సంస్కృతం తీసుకునే మిత్రుల సంగతి వేరు. వారిలో సంస్కృతం మీద ప్రేమతో వెళ్లినవారిని వేళ్లమీద లెక్కించవచ్చు. ఆ కొద్దిమందికి నా నమస్కారం.

ఇక పరీక్షల విషయం. పరీక్ష అనగానే మన పెద్దలు ద్రోణుడు పెట్టిన పరీక్షను ఉదాహరిస్తారు. ఆదిపర్వంలోని ఆ కథ మీకు తెలిసినదే. ద్రోణుడు చెట్టుమీద ఒక కృత్రిమ పక్షిని నిలిపి, దానికి గురిపెట్టమని శిష్యులను ఒక్కొక్కరినీ పిలిచి, నీకేమి కనిపిస్తున్నదని అడిగాడు. ధర్మరాజుకు చెట్టు, పక్షి, గురువు, తమ్ములు అందరూ కనిపించారు. గురువు అతణ్ని పక్కకు తప్పుకొమ్మన్నాడు. అర్జునునికి పక్షి తల తప్ప ఏమీ కనిపించలేదు. బాణం వదలమన్నాడు. తరగతి గదుల్లో ఈ కథ చెప్పి, అర్జునునివలె చదవండి అని ముగిస్తాం. నేనూ చాలా ఏళ్లు అలాగే ముగించాను. కాని భారతం అక్కడ ముగియలేదు. ఆ రోజు గురి తప్పినట్లు లెక్కకు వచ్చిన ధర్మరాజే తరువాత రాజ్యం చేశాడు. చెట్టునూ గురువునూ తమ్ములనూ ఒకేసారి చూడగలిగిన చూపు రాజుకు కావలసిన చూపు. ద్రోణుని పరీక్ష తప్పు కాదు. అది విలుకాణ్ని ఎంచే పరీక్ష, అంతవరకే. ప్రవేశ పరీక్షను కూడా అలాగే అర్థం చేసుకోవాలి. ఉన్న సీట్లు తక్కువ, కోరేవారు ఎక్కువ అయినప్పుడు వరుస ఏర్పరచడానికి అది ఒక సాధనం. వరుసలో నిలబడిన మనిషి ఎటువంటివాడో చెప్పే శక్తి దానికి లేదు.

మన రాష్ట్రంలో ఆ సాధనానికి ప్రత్యేకమైన చరిత్ర ఉన్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లో ఎంసెట్ మొదలయింది. ఇంజనీరింగు, వ్యవసాయ, వైద్య కోర్సులన్నింటికీ అదే ద్వారంగా ఉండేది. 2017 నుండి రెండు తెలుగు రాష్ట్రాల విద్యార్థులూ వైద్య విద్యకు నీట్ రాస్తున్నారు. వైద్యం తొలగిన తరువాత పాత పేరు అతకలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లోనూ, తెలంగాణలో 2024లోనూ ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మారింది. ఇంటర్మీడియట్ మార్కులకు ఆంధ్రప్రదేశ్ 25 శాతం వెయిటేజి ఇస్తుండగా, తెలంగాణ 2023 నుండి దానిని తొలగించింది. గోదావరికి ఒక ఒడ్డున లెక్కకు వచ్చే మార్కులు మరొక ఒడ్డున లెక్కకు రావు. తెలివి ఏ ఒడ్డున ఉన్నా తెలివే. నిబంధనలు మాత్రం ఏ ఏటికి ఆ ఏడు చూసుకోవాలి. అన్నయ్య చెప్పినదో, ట్యూషన్ మాస్టారు చెప్పినదో సరిపోదు. ఆ సంవత్సరపు సమాచార పుస్తికను మొదటి పేజీ నుండి చివరి పేజీ వరకు ఒకసారి చదవాలి.

ఉదాహరణకు తప్పు జవాబుకు శిక్ష ఉన్నదా లేదా అన్నది చిన్న విషయం కాదు. ఈఏపీసెట్ ఇంజనీరింగు పరీక్షలో మూడు గంటలలో 160 ప్రశ్నలు. గణితంలో 80, భౌతిక రసాయన శాస్త్రాలలో 40 చొప్పున. తప్పు జవాబుకు మార్కులు కోసివేయరు. కనుక అక్కడ ఒక్క ప్రశ్ననైనా ఖాళీగా వదలడం అవివేకం. నీట్‌లో సరైన జవాబుకు 4 మార్కులు కలుస్తాయి, తప్పు జవాబుకు 1 మార్కు పోతుంది. ఏమీ తెలియక కళ్లు మూసుకొని నాలుగు ప్రశ్నలు గుర్తిస్తే, సగటున ఒకటి సరిపోయి 4 వస్తాయి, మూడు తప్పి 3 పోతాయి. మిగిలేది ఒక్క మార్కు, అదీ సగటున. ఆ రోజు అదృష్టం అడ్డం తిరిగితే నాలుగూ పోవచ్చు. అదే నాలుగు జవాబులలో రెండు తప్పని తెలిసి, మిగిలిన రెండింటిలో ఒకటి ఎంచుకుంటే, ప్రతి ప్రశ్నకూ సగటున ఒకటిన్నర మార్కు లాభం ఉంటుంది. కనుక అరకొరగా తెలిసిన ప్రశ్నను భయపడి వదలడం కూడా నష్టమే. తెలుగు అధ్యాపకుడు లెక్కలు చెబుతున్నాడేమిటని నవ్వుకోకండి. మా గణిత అధ్యాపకులు సరిచూసిన తరువాతే రాస్తున్నాను.

పరీక్షలు పెట్టే వ్యవస్థ కూడా పొరపాట్లకు అతీతం కాదు. 2016లో తెలంగాణలో వైద్య విద్య కోసం జరిపిన రెండవ ఎంసెట్ ప్రశ్నపత్రం బయటపడి, ఆ పరీక్షను రద్దుచేసి సెప్టెంబరులో మూడవసారి నిర్వహించారు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడినప్పుడు జరిగినది అంతకంటె బాధాకరం. మార్కుల నమోదులో దోషాలు బయటపడ్డాయి. ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా పడింది. తిరిగి పరిశీలిస్తే ఆమెకు వచ్చినవి 99. అనుత్తీర్ణులైన వారందరి జవాబుపత్రాలనూ ప్రభుత్వం ఉచితంగా పునఃపరిశీలన చేయించగా, వెయ్యిమందికి పైగా విద్యార్థులు నిజానికి ఉత్తీర్ణులేనని తేలింది. ఆ నిజం తేలేలోపే ఆ వేసవిలో పలువురు విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. నేను తెలుగు చెప్పేవాణ్ని కాబట్టి ఆ సున్నాను మరచిపోలేను. మూల్యాంకన కేంద్రంలో జవాబుపత్రాల కట్ట ముందు కూర్చున్న ప్రతిసారీ మొత్తం మార్కులను రెండుసార్లు కూడుతాను. అధికారులు చెప్పినా చెప్పకపోయినా.

అందుచేత ఫలితం చూసిన క్షణంలో ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. తెరమీద కనిపించిన అంకె తప్పు అనిపిస్తే గడువులోగా రీకౌంటింగుకు, జవాబుపత్రం నకలుతో కూడిన పునఃపరిశీలనకు రుసుము కట్టి దరఖాస్తు చేయవచ్చు. అంకె సరైనదే అయితే కొద్ది వారాలలో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్ష ఉంటుంది. అందులో ఉత్తీర్ణులైనవారు అదే సంవత్సరం డిగ్రీలో చేరుతున్నారు. కళాశాలలో వెనుక బెంచీలో మీ మిత్రుడు వారం రోజులుగా భోజనం మాని మౌనంగా ఉంటే, అది అలక అని వదిలివేయకండి. పక్కన కూర్చొని నేరుగా అడగండి. ఒక పెద్దవారికి చెప్పండి. అధ్యాపకులలో ఒక్కరైనా వినేవారు ఉంటారు. 14416 అనేది టెలి మానస్ పేరుతో కేంద్రప్రభుత్వం 2022లో ప్రారంభించిన ఉచిత సహాయ సంఖ్య. రాత్రి పగలు ఎప్పుడైనా తెలుగులోనే మాట్లాడవచ్చు. ఫోను చేయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

ర్యాంకు వచ్చిన తరువాత సీటు ఎలా వస్తుందన్నది తెలియక నష్టపోయినవారిని ఏటా చూస్తున్నాను. వెబ్ ఆప్షన్లు అంటే మీకు కావలసిన కళాశాలలను, కోర్సులను మీ ఇష్టానుసారం వరుసగా రాసి ఇవ్వడం. కంప్యూటరు ర్యాంకుల వరుసలో ఒక్కొక్కరి జాబితాను పైనుండి కిందికి చూస్తుంది. రిజర్వేషను, స్థానికత వంటి నిబంధనల ప్రకారం ఖాళీ ఉన్న మొదటి చోట ఆ విద్యార్థికి సీటు ఇస్తుంది. అంతే. ఈ ఒక్క సంగతి తెలిస్తే రెండు భయాలు పోతాయి. అందని కళాశాలను జాబితాలో మొదట పెడితే నష్టం లేదు. అక్కడ సీటు లేకపోతే కంప్యూటరు రెండవదానికి దిగుతుందే తప్ప, ఆశపడినందుకు మిమ్మల్ని వెనక్కి నెట్టదు. కాని ఇష్టం లేనిదాన్ని ఇష్టమైనదానికి పైన పెడితే, ఇష్టమైన చోట ఖాళీ ఉన్నా అది మీకు రాదు. నాలుగైదు ఆప్షన్లతో సరిపెట్టుకున్నవారికి అసలు ఏ సీటూ రాకపోవచ్చు. రెండవ విడతలో మరొక సీటు వస్తే మొదటి విడతలో వచ్చినది దానంతట అదే రద్దయి మరొకరికి పోతుంది. అందువల్ల రెండవసారి రాసేటప్పుడు చేతిలో ఉన్నదానికంటె మెరుగైనవి మాత్రమే రాయాలి. సీటు వచ్చిన తరువాత గడువులోగా రుసుము చెల్లించి చేరుతున్నట్లు తెలియజేయకపోతే అదీ పోతుంది.

నా విద్యార్థి ఒకడు ఈ పనంతా బస్టాండు దగ్గరి నెట్ సెంటరు కుర్రవాడికి అప్పగించాడు. అతనికి చీకటి పడేలోగా ఇరవైమంది పని ముగించాలి. తెరమీద కళాశాలలు ఏ వరుసలో ఉన్నాయో ఆ వరుసలోనే నొక్కుకుంటూ పోయాడు. మావాడికి ఇంటికి పదిహేను కిలోమీటర్లలో సీటు రావలసిన ర్యాంకు ఉండి కూడా, పేరు కూడా వినని ఊళ్లో సీటు వచ్చింది. మరికొన్ని చోట్ల కళాశాల ప్రతినిధులమంటూ ఇళ్లకు వచ్చి, ఫీజు తగ్గిస్తామని చెప్పి హాల్‌టికెట్ నెంబరు, పాస్‌వర్డు తీసుకొని వారే ఆప్షన్లు నింపేస్తారు. పాస్‌వర్డు అంటే ఇంటి తాళంచెవి. ఇచ్చాక లోపల ఎవరు ఏమి సర్దారో మనకు తెలియదు. ఒక తెల్లకాగితం మీద ఇంట్లో అందరూ కూర్చొని వరుస రాసుకొని, మీ వేళ్లతో మీరే నింపండి. గడువుకు ముందురోజు ఆ జాబితాను కాగితంతో సరిచూసుకొని అచ్చు తీసుకోండి.

ఇంజనీరింగు, వైద్యం కాక డిగ్రీలో చేరేవారికి కూడా నేడు ఇదే తీరు. తెలంగాణలో 2016 నుండి ‘దోస్త్’ పేరిట డిగ్రీ ప్రవేశాలు ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు 2022 నుండి సి.యు.ఇ.టి. అనే ఉమ్మడి పరీక్ష ఉన్నది. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం మన ముంగిట్లోనే ఉన్నా, ఇంటర్మీడియట్ తరువాత అక్కడ అయిదేళ్ల సమీకృత ఎం.ఏ., ఎం.ఎస్సీ. కోర్సులలో చేరవచ్చునని చెప్పేవారు తక్కువ.

చేరే ముందు కాగితాల సంగతి. కుల, ఆదాయ ధ్రువపత్రాలకు చివరివారంలో తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరగకుండా, పరీక్షలు ముగిసిన వెంటనే దరఖాస్తు చేయాలి. ఆరవ తరగతి నుండి స్టడీ సర్టిఫికెట్లు, టి.సి., మార్కుల జాబితాలు అన్నింటికీ మూడేసి నకళ్లు తీసి పెట్టుకోవాలి. అసలు పత్రాలను కళాశాల పరిశీలించి తిరిగి ఇవ్వాలి. వాటిని తన వద్ద అట్టిపెట్టుకోకూడదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో స్పష్టంగా ఉత్తర్వులిచ్చింది. వసతిగృహంలో సీనియర్ల వేధింపు ఎదురైతే సహించడం మర్యాద కాదు. మన రాష్ట్రంలో 1997 నుండి ర్యాగింగు నేరం. దానికి చట్టమే ఉన్నది.

ఇంత చెప్పిన నేను ఒకప్పుడు బై.పి.సి. విద్యార్థిని అంటే మీరు నమ్మకపోవచ్చు. 1987లో, ఎంసెట్ మొదలైన రెండవ సంవత్సరం, నేను కూడా ఆ పరీక్ష రాశాను. మా ఊరికి పత్రిక మధ్యాహ్నం బస్సులో వచ్చేది. టీ కొట్టు బల్లమీద పరచి, సన్నని అక్షరాల వరుసల్లో మా నాన్నగారు వేలు పెట్టి వెతికారు. ఆయనకు అంకెలు మాత్రమే చదవడం వచ్చు. పైనుండి కిందివరకు రెండుసార్లు వెతికి పత్రిక మడిచి కొట్టు యజమానికి ఇచ్చివేశారు. ఇంటికి వెళ్లేదాకా ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. మరొక ఏడాది కోచింగుకు పంపడానికి అరఎకరం అమ్ముతానని ఆ రాత్రి ఆయన అమ్మతో అనడం నాకు వినిపించింది. పొద్దున్నే లేచి, నేను బి.ఏ.లో తెలుగు చదువుతానని చెప్పాను.

“తెలుగు చదివి ఏమవుతావురా?” అన్నారు.

నాకు జవాబు తెలియదు. తెలియదనే చెప్పాను. రెండు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. మూడవ రోజు నా రేకుపెట్టె భుజానికి ఎత్తుకొని నాకంటె ముందే బస్సు దగ్గరకు నడిచారు. పట్నంలో కళాశాల కార్యాలయంలో గుమస్తా దరఖాస్తు తిరగేసి, “మెయిన్ ఏమిటి?” అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా నాన్నే అన్నారు: “తెలుగండి. మావాడికి అదంటే ఇష్టం.”

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ద్రోణుని పరీక్షను రచయిత ఏ ప్రయోజనంతో ప్రస్తావించారు? ఆ వ్యాఖ్యతో మీరు ఏకీభవిస్తారా? కారణాలతో వివరించండి.
2. వెబ్ ఆప్షన్ల ద్వారా సీటు కేటాయింపు జరిగే విధానాన్ని, విద్యార్థి వహించవలసిన జాగ్రత్తలను తెలపండి.

II. సంగ్రహరూప సమాధానాలు రాయండి.
1. మాధ్యమం మారిన విద్యార్థిని ఇబ్బంది ఏమిటి? దానికి రచయిత చూపిన ఉపాయం ఏది?
2. 2019 నాటి సంఘటన రచయిత వృత్తిపై చూపిన ప్రభావం ఏమిటి?

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ఇంటర్మీడియట్ విద్యామండలి ఏ సంవత్సరంలో ఏర్పడింది?
2. గురజాడ అసమ్మతి పత్రం దేనికి సంబంధించినది?

IV. సంధి విడదీసి, పేరు తెలపండి: విద్యార్థి, పరీక్షాధికారి, ప్రత్యేకం, ఏమవుతావు.

V. మీ ఇంట్లోని పెద్దవారొకరిని, వారి కాలంలో పై చదువు ఎవరు నిర్ణయించారో అడిగి, వారి మాటల్లోనే ఒక పుట రాయండి.